నదిని కాపాడడమంటే ఏమిటి? ఏడో తరగతికి మంజీర పాఠం ఎలా చెప్పాలి?

అడిగినవారు: మంజీర ఒడ్డు టీచర్

అందరికీ నమస్కారం. సంగారెడ్డి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 6, 7, 8 తరగతులకు సైన్స్ చెప్తాను. మా బడికి మంజీర దగ్గరే. సైకిల్ ఉన్న పిల్లలు ఆదివారం కలబ్‌గూర్ దాకా వెళ్ళి, బండల మీద ఎండకు నోరు తెరుచుకుని పడుకున్న మొసళ్ళను చూసొచ్చి సోమవారం నాకు కథలు చెప్తారు. కాబట్టి నది ఎలా ఉంటుందో, మొసలి ఎలా ఉంటుందో నేను బోర్డు మీద బొమ్మ గీసి చూపించాల్సిన పని లేదు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, పోయిన వారం ఏడో తరగతిని "నదుల సంరక్షణ" మీద పది వాక్యాలు రాయమన్నాను. క్లాసు క్లాసంతా ఒకటే రాసింది. "నదులు మన తల్లులు. నదులలో చెత్త వేయరాదు. మొక్కలు నాటవలెను." ఇంట్లో ఏనాడూ "నాటవలెను" అనని పిల్లలు! గైడులోంచి ఎత్తి రాశారని తెలుస్తూనే ఉంది. మార్కులు వేసి పక్కన పెట్టేదాన్నే. కానీ వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "మేడం, అడివికైతే కంచె ఏస్తరు. నీళ్ళు పోతనే ఉంటయి గదా, మరి నదిల కాపాడేది దేన్ని?" అంది. దాని మీద క్లాసులో గోల మొదలైంది. ఆ గోల సద్దుమణగకముందే ఇంకో అబ్బాయి, "మా తాత ఆడ్నే చేపలు పట్టెటోడు. ఇప్పుడు వల ఏస్తే కేసు అంటున్నరు. హైదరాబాదోళ్ళు మాత్రం పైపులేసి నీళ్ళు తీస్కపోతరు. వాళ్ళ మీద కేసు లేదా మేడం?" అన్నాడు.

బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను. "రేపు మాట్లాడుకుందాం" అన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు, వాళ్ళు మాత్రం రోజూ గుర్తు చేస్తున్నారు.

మంజీర అభయారణ్యం సంగతి నాకు తెలిసినంత ఇది. 1978లో ప్రకటించారు. సింగూరు డ్యామ్ నుంచి కింద మంజీర బ్యారేజీ దాకా సుమారు 36 కిలోమీటర్ల నది, మధ్యలో ఉన్న చిన్న చిన్న దీవులతో సహా. ముఖ్యంగా మగ్గర్ మొసళ్ళ కోసం, తర్వాత పక్షుల కోసం కూడా. ఆ బ్యారేజీ దగ్గర్నుంచే 1965 నుంచి హైదరాబాద్‌కు తాగునీళ్ళు పోతున్నాయి. ఈ రెండు సంగతులూ ఒకచోట పెట్టి పన్నెండేళ్ళ పిల్లలకు ఎలా చెప్పాలి? చట్టం అలా ఉంది, నోరు మూసుకోండి అని చెప్పడం నాకు ఇష్టం లేదు.

నాకు నాలుగైదు పీరియడ్లు దొరుకుతాయి. డబ్బులు లేవు. ప్రొజెక్టర్ ఉంది, కరెంటు ఉంటే పని చేస్తుంది. క్లాసులో చేయించగల పని ఏదైనా ఉంటే చెప్పండి. ఒక పూట నది దగ్గరికి తీసుకెళ్ళొచ్చా అనేది కూడా. మొసళ్ళ పేరు చెప్పగానే మా హెడ్మాస్టర్ గారికి టెన్షన్.

ఇంకొక్కటి. ఆ క్లాసులోనే ఇసుక ట్రాక్టర్ నడిపే ఆయన కొడుకు కూడా ఉన్నాడు. నేను ఏం మాట్లాడినా వాడు తల దించుకునే పరిస్థితి రాకూడదు.

జవాబు 1: శ్రీను_జీకే

మేడం, పిల్లలతో ర్యాలీ తీయించండి. స్లోగన్స్, ప్లకార్డులు. చివర్లో ప్రతిజ్ఞ. పేపర్లో ఫొటో కూడా వస్తుంది.

జవాబు 2: మెదక్ బయాలజీ సార్

అమ్మా, పై తమ్ముడి సలహా పక్కన పెట్టండి. నేను పాపన్నపేట, మెదక్ వైపు బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. సర్వీసంతా ర్యాలీలు తీయించాను, హెడ్మాస్టర్లు పొమ్మంటే పోవాలి కదా. ర్యాలీ అయ్యాక రోడ్డు మీద మిగిలేది ప్లకార్డుల చెత్త.

ఆ ఇద్దరు పిల్లలు అడిగినవే మీ పాఠం. మీరు వేరే పాఠం తయారు చేయకండి. ఆ రెండు ప్రశ్నలూ బోర్డు మీద రాసి, నాలుగు పీరియడ్లూ చెరపకుండా ఉంచండి.

మొదటి ప్రశ్నకు నేను చేయించే పని చెప్తాను. ఒక పాత తార్పాలిన్ కావాలి. వడ్ల మీద కప్పేది ఎవరింట్లో అయినా దొరుకుతుంది. బడి ఆవరణలో ఒక పక్కన ఇటుకలు ఎత్తుగా పేర్చి, వాటి మీద కుర్చీ కవర్లు గానీ గోనెసంచులు గానీ కుక్కి, పైన తార్పాలిన్ పరవండి. మధ్యలో చేత్తో నొక్కుతూ ఒక లోయ చేయండి, అది వంకర టింకరగా కిందికి దిగాలి. ఎత్తు చివర మహారాష్ట్రలో బీడ్ జిల్లా, బాలాఘాట్ కొండలు. అక్కడే మంజీర పుడుతుంది. తర్వాత లాతూరు, తర్వాత కర్ణాటకలో బీదర్, తర్వాత మన జిల్లా. చిట్టీల మీద పేర్లు రాసి రాళ్ళు పెట్టండి. సింగూరు దగ్గర ఒక తాడు, బ్యారేజీ దగ్గర ఒక తాడు అడ్డంగా పరవండి. ఆ రెండు తాళ్ళ మధ్యది మీ అభయారణ్యం. మొత్తం నది 724 కిలోమీటర్లు, అందులో తాళ్ళ మధ్య 36. పిల్లలతోనే కొలిపించండి. తార్పాలిన్ మీద నది నాలుగు మీటర్లు వస్తే అభయారణ్యం ఇరవై సెంటీమీటర్లు. జానెడు! ఈ లెక్క దగ్గరే సగం మంది నోరు తెరుస్తారు.

ఇప్పుడు పిల్లల్ని జట్లు చేయండి. లాతూరు జట్టు ఎర్ర సుద్దపొడి చల్లుతుంది, అది దున్నిన పొలం మట్టి. బీదర్ జట్టు పసుపు చల్లుతుంది, అది యూరియా అనుకోండి. ఇంకో జట్టు ఒక సిరా చుక్క వేస్తుంది, అది ఫ్యాక్టరీ. తాళ్ళ మధ్యలో ఎవ్వరూ ఏమీ వేయకూడదు, అక్కడ ఒక పిల్లవాణ్ణి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌గా కర్ర ఇచ్చి నిలబెట్టండి. తర్వాత మూతకు బెజ్జాలు పెట్టిన సీసాతో పైనుంచి వాన కురిపించండి.

ఏమవుతుందో మీకు తెలుసు. బీట్ ఆఫీసర్ కర్ర పట్టుకుని నిలబడే ఉంటాడు, నీళ్ళు మాత్రం రంగురంగులుగా వాడి కాళ్ళ మధ్య నుంచే పోతాయి. కింద చివర ఒక స్టీలు గ్లాసు పెట్టండి, దానికి హైదరాబాద్ అని పేరు రాయండి. అది నిండాక, "దీన్ని తాగుతారా?" అని అడగండి. తర్వాత, "ఎవరి మీద కేసు పెట్టాలి?" అని అడిగి, మీరు వెళ్ళి చెట్టు కింద కూర్చోండి. అరగంట దాకా మీతో పని పడదు. ఒకసారి ఎవడో సబ్బునీళ్ళు కూడా పోశాడు, పసుపు ఎర్రగా తిరిగింది, క్లాసంతా ఈలలు. ఆమ్లాలు క్షారాల పాఠం కూడా అక్కడే అయిపోయింది.

రెండోసారి అదే వాన, కానీ నది అంచుల వెంట తడిపిన గోనెపట్టా ముక్కలు పరిచి కురిపించండి. అవి ఒడ్డు మీది గడ్డి, జమ్ము, తుమ్మ చెట్లు. నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, మట్టి చాలావరకు గోనెలో ఆగుతుంది. మీ వెనక బెంచీ పిల్లకు జవాబు దొరికినట్టే. ఒడ్డు, పైనుంచి వచ్చే వాగులు, వచ్చే నీళ్ళ మోతాదు, ఇవన్నీ కాపాడితేనే మధ్యలో ఉన్న జానెడు నది నిలుస్తుంది.

దీనికి మన జిల్లాలోనే నిజమైన ఉదాహరణ ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల మురుగు నక్కవాగులో పడి, ఆ వాగు వచ్చి మంజీరలో కలిసేది. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తర్వాత శుద్ధి చేసిన ఆ నీళ్ళను పైపులైన్లో అంబర్‌పేటకు మళ్ళించారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మనండి, నక్కవాగు నురగ గురించి ఏదో ఒకటి చెప్పని ముసలివాళ్ళు అటువైపు ఉండరు.

ఇక రెండో ప్రశ్న, చేపల తాత మనవడిది. అది కష్టమైన ప్రశ్న. దాన్ని తేలిక చేయకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 29వ సెక్షన్ ఉంది. అభయారణ్యంలో జంతువును చంపడం, అది ఉండే చోటును పాడు చేయడం మాత్రమే కాదు, లోపలికి వచ్చే నీటిని గానీ బయటికి పోయే నీటిని గానీ మళ్ళించినా, ఆపినా, పెంచినా తప్పే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉంటే తప్ప. అంటే చట్టానికి వల ఒక్కటే కాదు, ప్రవాహం కూడా కనిపిస్తుంది. ఇది పిల్లలకు చదివి వినిపించండి. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పండి. 1965లో నీళ్ళు పట్నం పోవడం మొదలైంది, 1978లో అభయారణ్యం వచ్చింది. బ్యారేజీ నీళ్ళు నిలపబట్టే అక్కడ మొసళ్ళకు లోతు, పక్షులకు దీవులు. మనిషి చెయ్యి పడని నది కాదది. పట్నం తాగే నీళ్ళు శుభ్రంగా ఉండాలన్న అవసరం, మొసలి బతకాలన్న అవసరం ఒకచోట కలిశాయి. మధ్యలో నష్టపోయింది తాత. ఆ మాట క్లాసులో టీచరు నోట వినబడితే ఆ పిల్లవాడు మిగతాది వింటాడు.

ఇంకా మంచి పని చెప్పనా? ఆ తాతనే క్లాసుకు పిలవండి. అప్పట్లో ఏ చేపలు పడేవో చెప్పమనండి. కొర్రమీను, వాలుగ, బొచ్చె, రవ్వ, జెల్ల, పాపెర, పిల్లలు ఒక వరసలో రాస్తారు. ఇప్పుడు సంగారెడ్డి మార్కెట్లో ఏవి వస్తున్నాయో పక్క వరసలో. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పట్టిక అది.

ఆఖరి పీరియడ్‌కు గ్లాసుల ఆట. మధ్యాహ్న భోజనం గ్లాసులు ముప్పై తెచ్చి నిండా నీళ్ళు పోయండి. సింగూరు నిండితే 29.9 టీఎంసీలు, కాబట్టి గ్లాసుకు ఒక టీఎంసీ. టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు, ఆ సున్నాలు బోర్డు మీద వాళ్ళతోనే వేయించండి. ఐదు జట్లు. హైదరాబాద్ తాగునీళ్ళు, సింగూరు కాలువల రైతులు, ఘనపూర్ ఆనకట్ట కింద మెదక్ రైతులు, నిజాంసాగర్ ఆయకట్టు, మొసళ్ళు. ఒక్కటే షరతు, మొసళ్ళ జట్టు నోరు విప్పకూడదు. ఎండకు ఆవిరైందని మొదటే రెండు గ్లాసులు నేల మీద పారబోయండి, అడుగున బురద కింద ఒకటి తీసి దాచేయండి. మిగిలింది పంచుకోమనండి. మొదటి ఆటలో అందరూ ధర్మరాజులే.

రెండో ఆటలో మూడు గ్లాసులే పెట్టండి. 2015-16లో సింగూరు ఎండిపోయింది, ఎగువన లాతూరుకు రైల్లో నీళ్ళు తోలారు. ఆ ఏడాదని చెప్పండి. నా క్లాసులో నిజాంసాగర్ జట్టు, "మాది 1931 నాటి ప్రాజెక్టు, మీరు మా మీద తర్వాత డ్యాము కట్టుకున్నరు" అని సింగూరు జట్టు మీదికి కొట్లాటకు పోయింది. ఆ తారీఖు ఇంట్లో అడిగి తెలుసుకొచ్చారు దొంగలు! గోదావరి నీళ్ళ కోసం రాష్ట్రాలు ట్రిబ్యునల్ ముందు వాదించుకున్నదీ ఈ తీరుగానే అని చెప్పాను. మొసళ్ళ జట్టును ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆ జట్టులో ఒకడు గ్లాసు ఎత్తుకుని పారిపోయాడు, అది వేరే సంగతి.

ఇసుక ట్రాక్టర్ పిల్లవాడి గురించి. ఇసుక తీయడం తప్పు అని మొదలు పెట్టకండి. మీ బడి గోడలోనూ నదీ ఇసుకే ఉంది. ఇసుక ఎక్కడెక్కడ వాడతామో లెక్క రాయించండి. తర్వాత ఒక పళ్ళెంలో ఇసుక, ఒక పళ్ళెంలో బంకమట్టి పెట్టి గ్లాసెడేసి నీళ్ళు పోయండి, ఏది తాగుతుందో, ఏది పైన నిలబెడుతుందో చూస్తారు. ఇసుక పోతే బావులు ఎందుకు దిగిపోతాయో అర్థమవుతుంది. లోడు ఎంతకు అమ్ముతారో, ఎక్కడి ఇసుక మంచిదో ఆ పిల్లవాడికి మనకన్నా బాగా తెలుసు. వాణ్ణి చెప్పనివ్వండి.

జవాబు 3: పాత బీట్ ఆఫీసర్

మేడం గారూ, మా డిపార్ట్‌మెంట్ సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నా. సార్ కర్ర పట్టుకుని నిలబడే బీట్ ఆఫీసర్ అన్నారు, నవ్వొచ్చింది. నిజమే, పైనుంచి వచ్చే రంగును కర్ర ఆపలేదు.

ముందు ట్రిప్పు. తీసుకెళ్ళండి, కానీ డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే తీసుకెళ్ళండి. వలస బాతులు ఉంటాయి, నారాయణ పక్షి, నీటికాకి, నత్తలు తినే కొంగలు దగ్గరగా కనబడతాయి. సంగారెడ్డిలో అటవీ శాఖ ఆఫీసుకు బడి లెటర్‌హెడ్ మీద ముందే లేఖ ఇవ్వండి. కలబ్‌గూర్ దగ్గర పర్యావరణ విద్యా కేంద్రం ఉంది, దాన్ని మొదట చూపించండి. నీళ్ళ అంచుకు ఒక్కరు కూడా దిగొద్దు. కాళ్ళు కడుక్కోవడం, సీసా నింపుకోవడం, సెల్ఫీలు, ఏవీ వద్దు. మొసలి నీళ్ళలో ఉంటే కనబడదు, కనబడేవన్నీ ఎండకు పడుకున్నవే. ఫిబ్రవరి తర్వాత ఒడ్డున గుంతలు తవ్వి గుడ్లు పెడతాయి, పాతిక, ముప్పై దాకా. తల్లి అక్కడక్కడే తిరుగుతుంది. వేసవిలో పిల్లల్ని అటువైపు పోనివ్వకండి, ఆదివారం సైకిళ్ళ బ్యాచ్‌తో సహా.

క్లాసులో చెప్పడానికి మగ్గర్ గురించి కొన్ని సంగతులు. గుడ్డులో ఉన్నది ఆడో మగో తేల్చేది గూటి వేడి. ఇసుక తీసి, చెట్లు కొట్టి ఒడ్డును మారిస్తే ఆ వేడీ మారుతుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మగ్గర్ గట్టులో పొడవాటి బొరియ తవ్వుకుని అందులో పడి ఉంటుంది. జేసీబీ గట్టును చెక్కేస్తే ఆ బొరియా పోతుంది. ఇంకోటి, పిల్లలు దీన్ని అస్సలు మర్చిపోరు. కొంగలు గూళ్ళు కట్టే కాలంలో మగ్గర్లు మూతి మీద పుల్లలు పెట్టుకుని కదలకుండా ఉంటాయి, పుల్ల కోసం వచ్చిన కొంగ నోట్లోకే వస్తుంది. మద్రాసు క్రొకడైల్ బ్యాంకులో గమనించి 2013లో శాస్త్రవేత్తలు ప్రచురించారు.

చరిత్ర కూడా చెప్పండి. తోలు కోసం వేటాడి వేటాడి దేశంలో మొసళ్ళు దాదాపు అయిపోయే దశలో 1975లో మొసళ్ళ సంరక్షణ పథకం మొదలైంది. గుడ్లు ఏరుకొచ్చి పొదిగించి, పిల్లల్ని కొన్నేళ్ళు పెంచి నదుల్లో వదిలారు. దేశం మొత్తానికీ ఆ పని నేర్పే శిక్షణ సంస్థ పెట్టింది మన హైదరాబాద్‌లోనే. మంజీర అభయారణ్యం కూడా ఆ రోజుల్లో వచ్చిందే. అవి వాటంతట అవే బతికి బట్టకట్టలేదు, వాటి వెనక చాలామంది పని ఉంది.

తాతగారి విషయం. మేము రాసిన కేసుల్లో చాలావరకు అలాంటి వాళ్ళవే. అంతకంటే ఇక్కడ రాయను.

జవాబు 4: సెయింట్ పాల్ అమ్మ

నేను అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాను, పుట్టిల్లు జహీరాబాద్. మా అమ్మాయి ఇక్కడ ఏడో తరగతి. వాళ్ళకు సెయింట్ క్రోయ్ నది మీద ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మీకు పనికొచ్చే ముక్క ఒకటి అందులో ఉంది.

ఇక్కడ నదుల కోసమే విడిగా ఒక చట్టం ఉంది, వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్ యాక్ట్. 1968 అక్టోబర్ 2న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టారు. (గాంధీ జయంతి నాడని నేను అంటే మా అమ్మాయి అదేదో నా గొప్ప అన్నట్టు చూసింది.) మొదట ఎనిమిది నదులు, వాటిలో సెయింట్ క్రోయ్ ఒకటి. ఇప్పుడు రెండు వందలు దాటాయి, అయినా దేశంలో ఉన్న నదుల పొడవులో అది ఒక్క శాతం కూడా కాదు. ఆ చట్టం ముఖ్యంగా కాపాడేది స్వేచ్ఛగా పారడాన్ని. ఎంపికైన భాగంలో ప్రవాహాన్ని అడ్డుకునే కొత్త డ్యాములకు ఫెడరల్ ప్రభుత్వం అనుమతి ఇవ్వకూడదు. అలాగని ఒడ్డు మీద ఉన్నవాళ్ళను లేపేయలేదు, చేపలు పట్టడం, పడవలు నడపడం నియమాల ప్రకారం సాగుతూనే ఉంటాయి. నదిని మూడు రకాలుగా గుర్తిస్తారు, మనిషి జాడ దాదాపు లేనిది, కొంచెం ఉన్నది, రోడ్లూ ఇళ్ళూ ఉన్నది. మూడింటికీ రక్షణ ఉంది. అదే సెయింట్ క్రోయ్ మీద పాత కరెంటు డ్యామ్ ఒకటి ఇప్పటికీ నిలబడే ఉంది. కాబట్టి ఇక్కడ అంతా బాగుందని చెప్పడానికి రాయడం లేదు.

ఒక నదికి ఈ రక్షణ కావాలంటే, దానిలో మిగతా నదుల్లో లేని విశేషం ఏముందో ముందు రాసి చూపించాలి. చేపలా, రాళ్ళా, చరిత్రా, పడవ షికారా? మా అమ్మాయి క్లాసుకు ఇచ్చిన పని అదే, మీ నదికి మీరే అర్జీ రాయండి అని. మీ పిల్లలు మంజీరకు రాస్తే ఏం రాస్తారు? మొసళ్ళు రాస్తారు. ఏడుపాయల దగ్గర నది ఏడు పాయలై వనదుర్గమ్మ గుడి చుట్టూ పారడం రాస్తారా? కందకుర్తి దగ్గర గోదావరిలో కలవడం? తాతగారి వాలుగ చేప? ఏది కాపాడాలో వాళ్ళే తేల్చుకోవాలి, అప్పుడు గైడు భాష రాదు.

సెయింట్ క్రోయ్‌లో నలభై రకాల దాకా ఆల్చిప్పలు ఉన్నాయి. వాటి పిల్లలు కొన్నాళ్ళు చేప మొప్పలకు అతుక్కుని పెరగాలి. కొన్ని రకాల్లో తల్లి తన కండను చిన్న చేపలా ఆడిస్తుంది, పెద్ద చేప నోరు పెట్టగానే పిల్లల్ని దాని నోట్లోకి చిమ్ముతుంది. చేప పైకి పోకుండా డ్యామ్ అడ్డం పడితే ఆల్చిప్ప కూడా పైకి పోదు. మన నదుల్లోని మంచినీటి ఆల్చిప్పలకూ పెరగడానికి చేపలే కావాలి. మామిడికాయ చెక్కు తీయడానికి మా అమ్మమ్మ వాడిన ఆల్చిప్ప మంజీరదే. మీ పిల్లల ఇళ్ళల్లో ఇంకా ఉందేమో అడగండి, ఉంటే క్లాసుకు తెమ్మనండి.

ఇక్కడ పిల్లలు వలతో నది అడుగు గెలికి పురుగుల్ని లెక్కపెట్టి నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్తారు. మొసళ్ళున్న చోట ఆ పని వద్దే వద్దు. మీ ఊరి చెరువు తూము కింద, మోకాలిలోతు కూడా లేని చోట, పెద్దవాళ్ళు గెలికి తెల్ల పళ్ళెంలో పోస్తే పిల్లలు చూడొచ్చు. తూనీగ పిల్లలు తప్పకుండా దొరుకుతాయి.

జవాబు 5: బీహెచ్ఈఎల్ కాలనీ నివాసి

మేడం, ఆ అబ్బాయి తిట్టిన హైదరాబాదోళ్ళలో నేనూ ఒకణ్ణి. మా కుళాయిలో మంజీర నీళ్ళు. నిజం చెప్పాలంటే మా పిల్లలకు ఆ పేరు నీళ్ళ ట్యాంకర్ మీద చూసి తెలుసు, నది ఎక్కడుందో తెలియదు.

మీ పిల్లలకు ఇంకో ఉదాహరణ. హైదరాబాద్ తాగునీటి చెరువులైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల కోసం 1996లో 111 జీవో ఇచ్చారు. చెరువుల గట్లను కాకుండా వాటి చుట్టూ 84 గ్రామాల భూమినే కట్టడి చేశారు, పైన కురిసిన వాన శుభ్రంగా రావాలని. సార్ చెప్పిన తార్పాలిన్ మొత్తానికీ కాపలా పెట్టడమన్న మాట. ఆ ఊళ్ళ రైతులు మా భూములకు ధర లేకుండా చేశారని పాతికేళ్ళు మొత్తుకున్నారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు తీసేశారు. చేపల తాత ప్రశ్న అక్కడ ఇంకా పెద్దదైంది. రెండు వైపులా పిల్లల చేత వాదింపజేయండి, మంచి డిబేట్ అవుతుంది.

జవాబు 6: మెదక్ బయాలజీ సార్

111 జీవో మంచి ఉదాహరణే, కానీ ఏడో తరగతికి వద్దు, ఎనిమిదికి పెట్టుకోండి. భూమి ధరల గొడవ వస్తే నది పక్కకు పోతుంది. డిబేటే కావాలంటే నదికి మనిషిలాగా హక్కులు ఇవ్వొచ్చా అనేది పెట్టండి. న్యూజిలాండ్‌లో 2017లో వాంగనుయ్ నదికి చట్టం చేసి ఇచ్చారు. అదే ఏడాది మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకు ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నదికి హక్కులుంటే వరదలో ఇల్లు పోయినవాడు నది మీద కేసు వేయొచ్చా? పిల్లలు దీన్ని వదలరు.

మళ్ళీ అడిగినవారు: మంజీర ఒడ్డు టీచర్

అందరికీ థాంక్స్. సార్, మీ తార్పాలిన్ సోమవారమే. వడ్ల తార్పాలిన్ ఇద్దరు తెస్తామన్నారు, ఇటుకలు బడి వెనకే ఉన్నాయి. గ్లాసుల ఆటకు మా వంట అక్క ఒప్పుకుంది, కడిగి ఇవ్వాలన్న షరతు మీద. మొసళ్ళ జట్టు నోరు విప్పకూడదన్న షరతు మాత్రం మా సెవెన్త్ క్లాసులో ఎంతసేపు నిలబడుతుందో చూడాలి.

ట్రిప్పుకు హెడ్మాస్టర్ గారు జనవరిలో అయితే సరేనన్నారు, బీట్ ఆఫీసర్ గారు రాసినవన్నీ ప్రింట్ తీసి చూపించాక. అమ్మానాన్నల సంతకాలు తీసుకుంటున్నాను.

తాతగారి ఇంటికి వెళ్ళాను. మొదట ఒప్పుకోలేదు. "చేపల పేర్లు చెప్తే మళ్ళ కేసు పెట్టరు గదా టీచరమ్మా?" అన్నారు. పెట్టరని చెప్పాను. శుక్రవారం వస్తానన్నారు. ఇంట్లో పాత వల ఉందట, దాన్నీ తెస్తారట. ఇసుక ట్రాక్టర్ వాళ్ళబ్బాయికి పళ్ళేల పని అప్పగించాను. ఇసుక ఎక్కణ్ణుంచి తెస్తావురా అంటే, "ఏ రకం గావాలె మేడం, దొడ్డుదా సన్నదా?" అని అడిగాడు.

అర్జీ రాయించడం నాకు చాలా నచ్చింది. దాన్నే ఈసారి ప్రాజెక్ట్ వర్క్ కింద మార్కులకు పెడుతున్నా. 111 జీవో ఎనిమిదో తరగతికి దాచుకుంటాను.

ఇంకొక్క సాయం. బీదర్ జిల్లాలో గానీ, లాతూరు వైపు గానీ మంజీర దగ్గర బడుల్లో పనిచేసే తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. తార్పాలిన్ మీద మా పిల్లలు లాతూరువాళ్ళు అనుకుని సుద్దపొడి చల్లుతారు సరే, నిజంగా అక్కడి ఏడో తరగతి పిల్లలు ఈ నది గురించి ఏం రాస్తారో మా వాళ్ళకు చదివి వినిపించాలని ఉంది. కన్నడలో రాసినా, మరాఠీలో రాసినా పర్వాలేదు. మా లెక్కల సార్‌కు రెండూ వచ్చు.